చుట్టాలా.. తొడగాలా?

పసిబిడ్డ నిద్రకు పొత్తిగుడ్డ మేలా, జిప్పు సంచి మేలా? క్యాంపు ఇళ్లలో అమ్మమ్మలకూ కూతుళ్లకూ కొత్త పేచీ

కారటగి: మా చెల్లెలు బెంగళూరు నుంచి పురిటికొచ్చింది. ఫిబ్రవరి నెలాఖరులో ఆడపిల్ల పుట్టింది. పదో రోజున కొరియర్ కుర్రాడు ఓ అట్టపెట్టె తెచ్చిచ్చాడు. విప్పి చూస్తే పైన చేతుల్లేని చొక్కా, కింద మూతి కుట్టేసిన సంచి. మెడ నుంచి అడుగు దాకా జిప్పు. మీద ఏనుగు బొమ్మలు. ‘స్లీప్ శాక్’ అంది చెల్లెలు. మా అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

‘‘ఇదేంటే, పాతిక కిలోల బియ్యం సంచిలా ఉంది. పిల్లను ఇందులో వేసి మూతి కుట్టేస్తావా?’’ అంది.

చుట్టూ రైసుమిల్లులున్న ఊళ్లో ఇంతకన్నా వేరే పోలిక ఎక్కడ తోస్తుంది! ‘‘నువ్వు పిల్లను బీడీ చుట్టినట్టు చుడుతున్నావుగా, దానికన్నా నయమే’’ అంది చెల్లెలు. మధ్యలో మేనమామను నేను. పేపర్లో పనిచేస్తాను కాబట్టి నాకన్నీ తెలుసని ఇద్దరి నమ్మకం. ‘‘ఒరే, నువ్వు చెప్పరా’’ అని అమ్మ, ‘‘అన్నయ్యా, నువ్వే చెప్పు’’ అని చెల్లెలు. నాకేం తెలుసు? తెలుసుకుందామని బయల్దేరితే వచ్చిందే ఈ కథనం.

ఈ పేచీ మా ఇంటిది మాత్రమే కాదు. తుంగభద్ర డ్యామ్ కట్టాక కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుంచి వచ్చి గంగావతి, కారటగి, సింధనూరు, సిరుగుప్ప చుట్టుపక్కల కాలువల వెంట స్థిరపడిన కుటుంబాలు మనవి. వరితో పాటు పురుడు పోసే పద్ధతులూ అక్కడి నుంచే తెచ్చుకున్నారు. ఇప్పుడు మూడో తరం, నాలుగో తరం ఆడపిల్లలు బెంగళూరులో, హైదరాబాద్‌లో, అమెరికాలో ఉద్యోగాలు చేస్తున్నారు. కాన్పుకు మాత్రం క్యాంపుకే వస్తున్నారు. 2017లో చట్టం మారి ప్రసూతి సెలవు 26 వారాలైంది కదా, మొదటి ఐదారు నెలలు బిడ్డ అమ్మమ్మ చేతుల్లోనే ఉంటుంది. పెట్టెలోంచి కొత్త సరుకు దిగిన ప్రతి ఇంట్లోనూ ఈ మాటే నడుస్తోంది.

పొత్తిళ్లలో ఏముంది?

ముందు అమ్మ వైపు వాదన విందాం. బిడ్డకు నూనె రాసి, కాళ్ల మీద పడుకోబెట్టుకుని నీళ్లు పోసి, సాంబ్రాణి పొగ చూపించాక మెత్తబడ్డ పాత నూలు పంచెలో చుట్టేస్తుంది. రెండు చేతులూ లోపలికి. ఐదు నిమిషాల్లో బిడ్డ నిద్రపోతుంది. చుట్టకుండా పడుకోబెడితే పావుగంటకోసారి ఉలిక్కిపడి, చేతులు రెండూ గాల్లోకి విసిరి, కెవ్వుమని లేస్తుంది. దేవుడు కల్లోకొచ్చి భయపెట్టాడంటుంది అమ్మ. డాక్టర్లు దీన్ని మోరో రిఫ్లెక్స్ అంటారు. కడుపులో ఇరుగ్గా ఒదిగి ఉన్న బిడ్డకు బయట ఒక్కసారిగా ఆసరా తప్పినట్టనిపిస్తే వచ్చే కదలిక ఇది. పుట్టిన ప్రతి బిడ్డకూ ఉంటుంది, నాలుగైదు నెలలకు దానంతటదే పోతుంది.

గుడ్డ చుడితే ఈ ఉలికిపాటు తగ్గుతుందన్నది నిజమే. 2007లో నెదర్లాండ్స్ వైద్యులు అప్పటి దాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి ‘పీడియాట్రిక్స్’ పత్రికలో రాశారు. చుట్టిన పిల్లలు తక్కువసార్లు మేలుకుంటారని, ఎక్కువసేపు నిద్రపోతారని తేలింది. అంటే అమ్మకు మొదటి మార్కు పడింది. అయితే ఇందులోనే ఓ మెలిక ఉంది. పుట్టిన కొత్తలో బిడ్డ రెండు మూడు గంటలకోసారి పాలు తాగాలి. ఆకలైతే ముందు చెయ్యి నోటి దగ్గరకు తెచ్చుకుంటుంది. చేతులు రెండూ కట్టేస్తే ఆ సైగ మనకు కనపడదు. ‘మా పిల్ల ఎంత బుద్ధిమంతురాలో, ఆరు గంటలు కదల్లేదు’ అని మురిసిపోయే వయసు కాదది. లేపి పాలు పట్టాల్సిన వయసు.

కాళ్లు కడితేనే చిక్కు

అమ్మ చుట్టే తీరులో అసలు గొడవ చేతులతో కాదు, కాళ్లతో. మా నాయనమ్మ నేర్పిన పద్ధతి ఏంటంటే.. ముందు రెండు కాళ్లూ చాపి, మోకాళ్లు ఆనించి, బిగించి చుట్టాలి. ఎందుకంటే కాళ్లు తిన్నగా రావాలి, లేకపోతే దొడ్డికాళ్లు వస్తాయి. క్యాంపుల్లో నేను అడిగిన పెద్దవాళ్లు చాలామంది ఇదే చెప్పారు. నమ్మి చేస్తున్నదే తప్ప నిర్లక్ష్యం కాదు.

కానీ పుట్టిన ప్రతి బిడ్డ కాళ్లూ వంకరగానే ఉంటాయి. తొమ్మిది నెలలు మఠం వేసుకున్నట్టు ముడుచుకుని ఉన్న కాళ్లు మరెలా ఉంటాయి! నడక వచ్చాక, ఏడాదిన్నర రెండేళ్లకు వాటంతటవే తిన్నగా అవుతాయి. గుడ్డతో కట్టినందువల్ల కాదు. కట్టడం వల్ల జరిగేది ఇంకోటి. తొడ ఎముక పైకొన బంతిలా ఉంటుంది, అది కూర్చునే తుంటి గుంట గిన్నెలా ఉంటుంది. పసిబిడ్డలో ఈ గిన్నె ఇంకా మెత్తటి మృదులాస్థి. మోకాళ్లు మడిచి, తొడలు ఎడంగా పెట్టినప్పుడు బంతి గిన్నె మధ్యలో సరిగ్గా కూర్చుంటుంది, గిన్నె లోతుగా పెరుగుతుంది. కాళ్లు చాపి దగ్గరగా బిగిస్తే బంతి అంచుకు జరుగుతుంది. రోజుకు పదీ పన్నెండు గంటలు, వారాల తరబడి అలాగే ఉంచితే కొందరిలో కీలు జారిపోతుంది.

జపాన్‌లో ఇది దేశమంతా చూసిన సంగతి. అక్కడా పిల్లల కాళ్లు చాపి చుట్టేవారు. తుంటి జారిన పిల్లలు నూటికి ఒకరి నుంచి ముగ్గురు దాకా ఉండేవారు. 1975 నుంచి ‘కాళ్లు చాపి కట్టొద్దు’ అని ఊరూరా ప్రచారం చేశారు. 1980ల నాటికి ఆ సంఖ్య వెయ్యికి ఇద్దరి కన్నా తక్కువకు దిగింది. మందు లేదు, ఆపరేషన్ లేదు. గుడ్డ చుట్టే తీరు మార్చారంతే. మన దగ్గర బిడ్డను చంకనెత్తుకుని, కాళ్లు రెండు పక్కలకీ వేలాడేసి తిప్పుతాం చూడండి, అది తుంటికి చాలా మంచిది. పొద్దస్తమానం చంకలో మోసే అమ్మమ్మే రాత్రి కాళ్లు కట్టి పడుకోబెడుతోంది, అదీ విచిత్రం.

మా వీధి చివర ఓ పాప ఉంది. రెండో ఏడు వచ్చాక నడక మొదలుపెట్టింది. నడుస్తుంటే ఓ పక్కకు ఒరిగేది. ‘బొద్దుగా ఉంది, అదే సర్దుకుంటుంది’ అనుకున్నారు. ఎక్స్‌రే తీసేసరికి ఎడమ తుంటి జారి ఉంది. ఆపరేషన్ అయింది, నడుం నుంచి కాలి దాకా నెలల తరబడి పిండికట్టు. ఆ బిడ్డ ఎదురుకాళ్లతో పుట్టింది. ఆడపిల్లలకు, తొలిచూలు బిడ్డలకు, ఎదురుకాళ్ల పిల్లలకు ఈ ముప్పు ఎక్కువ. కాబట్టి గుడ్డ వల్లే జరిగిందని ఎవరూ తేల్చి చెప్పలేరు. వాళ్లమ్మ మాత్రం ఇప్పటికీ ఆ గుడ్డనే తలుచుకుని ఏడుస్తుంది. ఎదురుకాళ్ల బిడ్డ చేత నడుం తన్నించుకుంటే నొప్పులు పోతాయని మనోళ్ల నమ్మకం కదా. ఆ ముసలమ్మలు ఈ పాప దగ్గరికి రావడం మానేశారు.

ఇది ముందే దొరుకుతుంది, అదే చెప్పాల్సిన మాట. తుంటి జారడం 2013లో మొదలైన రాష్ట్రీయ బాల్ స్వాస్థ్య కార్యక్రమం జాబితాలో ఉంది. కేంద్ర పథకం కాబట్టి కర్ణాటకలో ఉన్నా, ఒడిశాలో ఉన్నా, తమిళనాడులో ఉన్నా ఒకటే. ప్రభుత్వ ఆసుపత్రిలో పుట్టిన బిడ్డకు అక్కడే చూస్తారు. అనుమానముంటే జిల్లా ఆసుపత్రిలోని డీఈఐసీ కేంద్రానికి పంపుతారు, ఖర్చు లేదు. ఎదురుకాళ్లతో పుట్టిన బిడ్డకైతే ఆరు వారాలప్పుడు తుంటికి స్కానింగ్ తీయించాలి. ఇంట్లో మనం గమనించేవీ ఉన్నాయి. గుడ్డ మార్చేటప్పుడు ఒక తొడ రెండోదంత పక్కకు తెరుచుకోకపోవడం, మోకాళ్లు మడిచి చూస్తే ఒకటి కిందికి ఉండటం. తొడ మడతలు రెండు వైపులా తేడాగా ఉన్నా ఓసారి చూపించాలి. ఆరు నెలల్లోపు దొరికితే చాలామందికి మెత్తటి పట్టీల బెల్టుతోనే సరిపోతుంది. నడక వచ్చాక దొరికితే మా వీధి పాప కథే.

మరి చుట్టాలనుకుంటే ఎలా? పలుచటి నూలు గుడ్డను పలకలా పరిచి ఓ మూల మడవాలి. ఆ మడత భుజాల దగ్గరకు వచ్చేలా బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టాలి. ఒక పక్క గుడ్డను ఛాతీ మీదుగా తెచ్చి వీపు కింద దోపాలి, తర్వాత రెండో పక్క. ఛాతీకీ గుడ్డకీ మధ్య మన రెండు వేళ్లు దూరాలి. కింది కొసను మాత్రం బిగించకూడదు, వదులుగా మడిచి వదిలెయ్యాలి. లోపల కాళ్లు కప్పకాళ్లలా పైకి మడుచుకోవడానికి, పక్కలకు చాపుకోవడానికి చోటుండాలి. పైన బిగువు, కింద వదులు. మా ఇంటికొచ్చే ఆశా కార్యకర్త కన్నడంలో చెప్పిందీ ఇదే. ‘‘కూసిన కాలు బిగి కట్టబ్యాడ్రి అమ్మా’’ అంది. నేను చెబితే వినని అమ్మ ఆమె చెబితే విన్నది.

బొబ్బట్ల కన్నా ముందే

ఇంకో గీత ఉంది. చుట్టడం ఎప్పుడు మానాలన్నది. ఇది చాలా ఇళ్లలో ఎవరూ అనుకోరు, గుడ్డ చాలనంత ఎదిగాక మానేస్తారు.

బోర్లాపడితే బొబ్బట్లు, పాకితే పాయసం, అడుగులేస్తే అరిసెలు. మనకు ఈ లెక్కలున్నాయి. చేతులు కట్టేసి ఉన్న బిడ్డ బోర్లాపడితే ఏమవుతుంది? ముఖం పరుపులోకి పోతుంది. చేతులు ఆనించి తల ఎత్తుకోలేదు, పక్కకు దొర్లలేదు. ఏ జబ్బూ లేని పసిబిడ్డ కారణం అంతుబట్టకుండా నిద్రలోనే ప్రాణం విడవడం అనేది డాక్టర్లను ఎప్పటి నుంచో తొలిచేస్తున్న సమస్య. వెల్లకిలా పడుకోబెట్టమని పాశ్చాత్య దేశాల్లో 1990ల్లో ప్రచారం చేశాక ఆ మరణాలు బాగా తగ్గాయి. గుడ్డ చుట్టడానికీ దీనికీ సంబంధమేంటని 2016లో నాలుగు అధ్యయనాల లెక్కలు కలిపి చూశారు. చుట్టి బోర్లా పడుకోబెట్టిన పిల్లలకు ముప్పు అన్నిటికన్నా ఎక్కువగా కనిపించింది. వయసు పెరిగే కొద్దీ అది పెరిగింది, ఆరు నెలలు దాటిన పిల్లల్లో రెండింతలైంది.

అందుకే అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2022లో ఇచ్చిన సూచనల్లో బిడ్డ దొర్లడానికి ప్రయత్నం మొదలుపెట్టగానే చుట్టడం ఆపేయమంది. సాధారణంగా మూడు, నాలుగు నెలలప్పుడు. కొందరు పిల్లలు ఇంకా ముందే మొదలుపెడతారు. గమనించండి, బోర్లాపడ్డాక కాదు, పడబోతున్నప్పుడే. ఒక పక్కకు ఒత్తిగిలడం, నడుం తిప్పి కాలు ఆ పక్కకు వేయడం కనపడితే చాలు. బొబ్బట్లకు శనగపప్పు నానబెట్టే రోజు దాకా ఆగితే ఆలస్యమైనట్టే.

మొదటి మూడు నెలలకు అమ్మ గుడ్డ, ఆ తర్వాత చెల్లెలి సంచి అని అప్పటికి నేను రాజీ కుదిర్చాననుకున్నాను. ఏప్రిల్ వచ్చింది.

ఏప్రిల్ మధ్యాహ్నం

ఆ రోజు కరెంటు పొద్దున పదింటికి పోయింది. పిల్లకు అప్పటికి ఏడో వారం. నీళ్లు పోశాక అమ్మ ఎప్పట్లాగే నూలు గుడ్డలో చుట్టి, తలకు కులావి కట్టి, పైన పలుచటి కౌది కప్పింది. కౌది అంటే ఇక్కడి వాళ్లు పాత చీరలు అతికి కుట్టే బొంత, పక్కింటి కన్నడావిడ ప్రేమగా కుట్టిచ్చింది. ఒంటిగంటకు చెల్లెలు పాలివ్వబోతే పిల్ల ఒళ్లు కాలుతోంది. ముఖం ఎర్రగా కందింది. మెడ వెనక చెమట. లేపినా సరిగ్గా పాలు పట్టడం లేదు.

బండి మీద ముగ్గురం ఆసుపత్రికి పరిగెత్తాం. అమ్మ దారంతా దిష్టి అంటూనే ఉంది. నర్సమ్మ చేసిన మొదటి పని కులావి, గుడ్డ, లోపలి చొక్కా అన్నీ విప్పేయడం. థర్మామీటర్‌లో 38.3 డిగ్రీల సెల్సియస్. పాలు పట్టించి, ఫ్యాను గాలి తగిలేలా పడుకోబెట్టారు. ముప్పావు గంటకు 37.1కి దిగింది. డాక్టరు వెంటనే ఇంటికి పంపలేదు. రెండు నెలల లోపు బిడ్డకు 38 దాటితే అది గుడ్డ వేడో, లోపల ఇన్‌ఫెక్షనో చూడగానే చెప్పలేరట. రక్తపరీక్ష చేసి సాయంత్రం దాకా ఉంచుకున్నారు. అంతా మామూలుగా ఉందన్నాక పంపారు. ఇంట్లో బట్టలు విప్పితే తగ్గిందిలే అని ఊరుకోకుండా తీసుకురావడమే మంచిదైందన్నారు. ఆ పూట అమ్మ అన్నం తినలేదు.

నవజాత శిశువులు చెమట పట్టించి ఒళ్లు చల్లబరచుకోవడంలో మనంత సమర్థులు కాదు. ఒంట్లో వేడి ఎక్కువగా పోయేది తల నుంచే. మనం సరిగ్గా అక్కడే టోపీ బిగిస్తాం. వేడెక్కడం నిద్రలో మరణాల ముప్పును పెంచే కారణాల్లో ఒకటి. ఇంట్లో పడుకోబెట్టినప్పుడు తలకు టోపీ వద్దంటున్నది అందుకే. చేతులు, పాదాలు పట్టుకుని ‘చల్లగా ఉంది, చలేస్తోంది’ అనుకోవడం ఇంకో పొరపాటు. పసిపిల్లల చేతులు మామూలుగానే చల్లగా ఉంటాయి. మెడ వెనక, ఛాతీ మీద చెయ్యి పెట్టి చూడాలి. అక్కడ చెమటగా, వేడిగా ఉంటే ఒక పొర తీసేయాల్సిందే.

ఆ రాత్రి నేను చెల్లెలి అట్టపెట్టె మళ్లీ తీసి, జిప్పు సంచి లోపలి చీటీ చదివాను. ‘2.5 టాగ్’ అని ఉంది. టాగ్ అంటే బట్ట వేడిని ఎంత ఆపుతుందో చెప్పే కొలత, 1940ల్లో మాంచెస్టర్‌లో పుట్టింది. 2.5 టాగ్ సంచి గది 16 నుంచి 20 డిగ్రీలున్నప్పుడు వాడేది. 20 నుంచి 24కి 1 టాగ్, 24 నుంచి 27కి అర టాగ్. అది దాటితే సంచే అక్కర్లేదు, డైపరు, పలుచటి చొక్కా చాలు. గంగావతి, కారటగి వైపు ఏప్రిల్‌లో పగలు 40 దగ్గర ఆడుతుంది, రాత్రి పదింటికీ గోడలు సెగలు కక్కుతాయి. ఆ ఏనుగుబొమ్మల సంచి మా ఊళ్లో ఏసీ లేకుండా వాడే రోజులు ఏడాదికి ఎన్నని? అమ్మ గుడ్డకు చిక్కొచ్చిందని గెలిచాననుకున్న చెల్లెలికి ఇది చెప్పేసరికి మాట్లాడలేదు.

ఊరిని బట్టి లెక్క మారుతుంది మరి. హోసూరులో డిసెంబరు తెల్లవారుజామున, రాయగడ, కొరాపుట్ కొండల్లో జనవరిలో ఈ మందపాటి సంచి చక్కగా పనికొస్తుంది. చలికని బిడ్డ మీద దుప్పటి మీద దుప్పటి కప్పి, అది జారి ముఖం మీద పడటం కన్నా అది వంద రెట్లు నయం. యానాంలో ఉక్కకు, సోలాపూర్ ఎండకు దాంతో పనే లేదు. బెంగళూరులో ఉంటే ఒకటి టాగ్‌ది కొనుక్కోవచ్చు. అమెరికా నుంచి పంపే చుట్టాలు అక్కడి గది వేడి చూసి కొంటారు, మన మే నెల వాళ్లకు గుర్తుండదు.

సంచి లోటు సంచిదే

ఇంతకీ ఈ సంచిలో మేలేమిటంటే.. వదులు గుడ్డ ఉండదు. చేతులు బయట ఉంటాయి కాబట్టి బోర్లాపడ్డా బిడ్డ తల ఎత్తుకోగలదు. కాళ్లు లోపల స్వేచ్ఛగా ఆడతాయి, తుంటికి ఇబ్బంది లేదు. దుప్పటికి బదులు ఇదే మంచిదని ఆ 2022 సూచనల్లోనే ఉంది. మంచం మీద అందరూ కలిసి పడుకుని, ఒకే రగ్గు లాక్కునే మన ఇళ్లలో ఇది చిన్న సంగతి కాదు.

కొనేటప్పుడు చూడాల్సింది మెడ దగ్గర. ‘పెద్దది కొంటే ఏడాది వస్తుంది’ అని స్కూలు యూనిఫాంలా కొంటే బిడ్డ లోపలికి జారి ముఖం సంచిలో పడుతుంది. బరువుకు తగ్గ సైజే తీసుకోవాలి. తలకు టోపీ కుట్టినవి, తాళ్లు వేలాడేవి వద్దు. కొన్నిటి లోపల చిన్న పూసలు కుట్టి బరువుగా చేస్తారు, అమ్మ చెయ్యి ఆనినట్టుంటుందని. అవి అసలే వద్దని వైద్యుల సంఘం గట్టిగా చెప్పింది. 2024లో అమెరికాలో పెద్ద దుకాణాలు కొన్ని వాటి అమ్మకం మానేశాయి. చేతులు కూడా లోపల బిగించే రకం సంచులున్నాయి. అవి సంచి రూపంలో ఉన్న చుట్టుగుడ్డే, బోర్లాపడే వయసుకు అవీ మానాలి.

అన్నిటికన్నా మన క్యాంపుల్లో అడ్డొచ్చేది దోమలు. చుట్టూ నీళ్లు నిలిచిన వరిమళ్లు. సగం మంది తల్లులు బిడ్డను చుట్టేది చలికి కాదు, దోమలకే. సంచిలో చేతులు, మెడ బయటే ఉంటాయి, కుడతాయి. దీనికి మందు దోమతెర. గొడుగులా మూసే చిన్న తెర కన్నా మంచం మొత్తానికి కట్టి, అంచులు పరుపు కింద దోపే పెద్ద తెరే మేలు. తెర బిడ్డకు తగిలితే దోమ బయట నుంచే కుడుతుంది. అన్నట్టు తల గుండ్రంగా రావాలని పెట్టే ఆవాల దిండు కూడా ఏడాది దాకా పక్కన పెట్టమంటున్నారు. ఈ మాట మా అమ్మకు నేనింకా చెప్పలేదు.

నెల తక్కువ బిడ్డలకు వేరే దారి

పైన చెప్పిందంతా నెలలు నిండి, సరైన బరువుతో పుట్టిన పిల్లల మాట. రెండున్నర కిలోల కన్నా తక్కువతో పుట్టిన బిడ్డకు వేడి కాదు, చలే శత్రువు. దేశంలో బరువు తూచిన పిల్లల్లో సుమారు 18 శాతం మంది ఇలాంటి వాళ్లేనని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. వీళ్లకు గుడ్డా కాదు, సంచీ కాదు. అమ్మ రొమ్ముల మధ్య, ఒంటికి ఒళ్లు తగిలేలా పెట్టుకుని పైనుంచి గుడ్డ కట్టుకోవడమే. కంగారూ మదర్ కేర్ అంటారు. 1970ల చివర్లో కొలంబియాలోని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక మొదలుపెట్టిన పద్ధతి. అలాంటి బిడ్డకు పుట్టగానే ఇది మొదలుపెడితే మరణాలు పాతిక శాతం తగ్గాయని ఇండియాతో సహా ఐదు దేశాల్లో చేసిన పరిశోధన 2021లో తేల్చింది. మన కొప్పళ జిల్లాలోనే బెంగళూరు సెయింట్ జాన్స్ పరిశోధకులు ప్రభుత్వ ఆసుపత్రులతో కలిసి దీన్ని అమలు చేసి చూశారు. నాన్న, అమ్మమ్మ కూడా పెట్టుకోవచ్చు. రోజుకు కనీసం 8 గంటలు, ఎంత ఎక్కువైతే అంత మంచిది. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డ ఇంటికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో రావాలి. కన్నడం సరిగ్గా రాక మొహమాటపడి లోపలే ఉండిపోయే బాలింతలు మన క్యాంపుల్లో ఉన్నారు. సైగలతోనైనా అడగండి, చుట్టి చూపించమనండి.

మా ఇంట్లో చివరికి ఏమైందంటే.. మే నెలంతా పిల్ల పలుచటి జుబ్బాతోనే పడుకుంది. పక్కకు ఒత్తిగిలడం మొదలుపెట్టిన రోజున చెల్లెలు చుట్టుగుడ్డలన్నీ ఏరి పెట్టెలో పెట్టేసింది. జూన్‌లో వానలు పడి తెల్లవారుజామున చల్లబడ్డాక అమ్మ ఏనుగుబొమ్మల సంచి తీసుకుంది. పేపరు పరిచి, సంచి దాని మీద పెట్టి, పెన్సిలుతో గీసుకుంది. మా నాయనమ్మ వెంకటగిరి నూలు చీర ఒకటి మెత్తబడి మూలపడి ఉంటే దాన్ని కత్తిరించి, ఒక్క పొరతో మూడు సంచులు కుట్టింది. మెడ కొలత మాత్రం చెల్లెలు నిలబడి రెండుసార్లు టేపుతో చూసింది. జిప్పు కారటగి బజార్లో దర్జీ వేసిచ్చాడు, ఒక్కోదానికి ముప్పై రూపాయలు తీసుకున్నాడు. పిల్లకు గీరుకోకుండా జిప్పు లోపలి వైపు పట్టీ వేయమని అమ్మే చెప్పిందట.

జులై రెండో వారంలో పిల్ల బోర్లాపడింది. ఆ సంచిలోనే, రెండు చేతులూ ఆనించి, తల ఎత్తి మమ్మల్ని చూసింది. పక్కింటి కౌది ఆవిడకు ఎనిమిది బొబ్బట్లు పంపాం. ఆవిడ మనవరాలికి ఇప్పుడు ఏడో నెల. ఆ సంచి కాగితం కొలతలు ఇమ్మని అడిగింది.